నేపాల్ వెళ్తున్నారా? రేటు కాదు, నోటు చూసుకోండి

బ్యాంకులో క్యాష్ కౌంటర్ దగ్గర పనిచేసి రిటైరైనదాన్ని కాబట్టి, మా చుట్టాల్లో ఎవరు యాత్ర తలపెట్టినా డబ్బు సంచి నా చేతికే వస్తుంది. పశుపతినాథ్, ముక్తినాథ్, జనక్‌పూర్, లుంబినీ అంటూ మన జిల్లాల నుంచి ఏటా జనం వెళ్తూనే ఉంటారు. బయలుదేరే ముందు నన్ను అందరూ అడిగేది ఒకటే: "పిన్నీ, ఇవాళ నేపాల్ రేటు ఎంతుంది?" అక్కడ డబ్బు పోయేది రేటు దగ్గర కాదర్రా అని ఫోన్‌లో చెప్పీ చెప్పీ నోరు నొప్పెడుతోంది. అందుకే కాగితం మీద పెడుతున్నాను.

1. రేటు కోసం ఆగొద్దు.

1993 ఫిబ్రవరి నుంచి మన 100 రూపాయలకి నేపాలీ 160 రూపాయలు. అప్పట్లో డాలరు 31 రూపాయల చుట్టుపక్కల ఉండేది. డాలరు ఎక్కడికో పోయింది గానీ ఈ 160 మాత్రం కదల్లేదు. నేపాల్ తన రూపాయిని మన రూపాయికి ముడేసుకుంది. డాలరు ముందు మనది తగ్గితే వాళ్లదీ తగ్గుతుంది. అక్కడి కేంద్ర బ్యాంకు, నేపాల్ రాష్ట్ర బ్యాంక్, ప్రకటించే పట్టికలో మన వందకి కొనుగోలు 160, అమ్మకం 160.15. తేడా 15 పైసలు. ఎవరైనా వందకి 155 ఇస్తానన్నాడంటే మిగతా ఐదూ వాడి కమీషన్. చిన్న కొట్లలో చిల్లర బాధ లేకుండా 150 లెక్కన తీసుకునేవాళ్లూ ఉంటారు. టీకి, అరటిపళ్లకి పోనివ్వండి. హోటల్ బిల్లుకి మాత్రం ఒప్పుకోకండి. మన పది వేల మీద వెయ్యి నేపాలీలు ఊరికే పోతాయి.

2. నోటిలెక్క నేర్చుకోండి, ఫోన్ తీయక్కర్లేదు.

నేపాలీ అంకెని మన రూపాయల్లోకి మార్చాలంటే: సగం చెయ్యండి, ఆ సగంలో పావు కలపండి. నేపాలీ 1200 అన్నాడనుకోండి. సగం 600, అందులో పావు 150, వెరసి మన 750. అటునుంచి ఇటైతే సగం కలిపి, పదో వంతు కూడా కలపాలి. మన 500కి సగం 250, పదో వంతు 50, మొత్తం నేపాలీ 800. మా గుంపులో ఎనిమిదో తరగతి పిల్ల దీన్ని రైల్లోనే పట్టేసింది. పెద్దవాళ్లు మాత్రం చివరిదాకా నన్నే అడిగారు.

3. ధర వినగానే "ఐసీయా, ఎన్‌సీయా?" అని అడగండి.

ఈ పన్నెండు పాఠాల్లో ఒక్కటే గుర్తుంటుందంటే ఇది గుర్తుంచుకోండి. ఐసీ అంటే ఇండియన్ కరెన్సీ, ఎన్‌సీ అంటే నేపాలీ కరెన్సీ. కాఠ్మాండూలో కొట్టువాడు, టాక్సీవాడు, ముక్తినాథ్ దారిలో గుర్రంవాడు అందరూ ఈ రెండు మాటలే వాడతారు. కొన్ని బోర్డుల మీద మన డబ్బుని "భారు" అని రాస్తారు. రెండు దేశాల్లోనూ డబ్బుని రూపాయలనే అంటారు కాబట్టి, అడక్కపోతే ఏ రూపాయలో తేలదు.

పశుపతినాథ్ గుడి దారిలో రుద్రాక్షల కొట్టు దగ్గర మా వదిన ఒక మాల బేరమాడింది. బేరమాడటంలో ఆవిడ దిట్ట. రెండు వేల దగ్గర మొదలుపెట్టినవాడిని పదిహేను వందలకి దింపింది. కొంగుముడి విప్పి మన వంద నోట్లు పదిహేను లెక్కపెట్టడం మొదలుపెట్టింది. కొట్టువాడు ఏమీ అనకుండా చూస్తున్నాడు. "ఆగు వదినా" అని నేనే అడ్డం పడి, "భాయీ, ఐసీ యా ఎన్‌సీ?" అన్నాను. ఒక్క క్షణం ఆగి "ఎన్‌సీ" అన్నాడు. నేపాలీ పదిహేను వందలంటే మన 937 రూపాయల 50 పైసలు. వదిన అప్పటికి పన్నెండు నోట్లు లెక్కపెట్టేసింది. అయిదొందలు బేరమాడి తగ్గించి, అయిదొందల అరవై తిరిగి చేతిలో పెట్టబోయిందన్నమాట. వాడిది మోసమని నేననను. అడగలేదు, చెప్పలేదు.

దీనికి ఇంకో వైపు కూడా ఉంది. హోటల్ గది ఫోన్‌లో మాట్లాడుకున్నప్పుడు రెండు వేలంటే మీరు నేపాలీ అనుకుంటారు, వాళ్లు ఐసీ అనుకుంటారు. దిగాక కౌంటర్ దగ్గర గొడవ. అందుకే మెసేజ్‌లో అంకె పక్కన ఆ రెండక్షరాలు రాయించుకోండి.

4. వంద నోట్ల కట్టలు ముందే తెచ్చిపెట్టుకోండి.

పెద్ద నోట్ల సంగతి అక్కడ ఎప్పుడూ గందరగోళమే. 2015లో 500, 1000 నోట్లు పాతిక వేల దాకా తీసుకెళ్లొచ్చని మన రిజర్వ్ బ్యాంకు అనుమతిచ్చింది. 2016 నవంబరులో ఆ నోట్లే రద్దయ్యాయి. వాళ్ల బ్యాంకుల్లో, జనం ఇళ్లలో ఉండిపోయిన మన పాత నోట్లకి దారి దొరకలేదు. ఆ దెబ్బ వాళ్లు మర్చిపోలేదు. 2018 డిసెంబరులో నేపాల్ ప్రభుత్వం మన 200, 500, 2000 నోట్లు చెల్లవని చెప్పేసింది. 2025 చివర్లో మన రిజర్వ్ బ్యాంకు మళ్లీ వంద పైబడ్డ నోట్లు పాతిక వేల దాకా తీసుకెళ్లొచ్చని సడలించింది. అయితే మనవాళ్లు తీసుకెళ్లనివ్వడం వేరు, కొండ మీద టీ కొట్టువాడు తీసుకోవడం వేరు. బయలుదేరే వారం అప్పటి నిబంధన కనుక్కోండి, నమ్మకం మాత్రం వంద నోటు మీదే పెట్టుకోండి. వందా, అంతకన్నా చిన్న నోట్లయితే ఎంతైనా తీసుకెళ్లొచ్చు.

ఇరవై వేలంటే రెండు కట్టలు. అప్పటికప్పుడు బ్యాంకుకెళ్లి రెండు కట్టలు వంద నోట్లు ఇమ్మంటే ఉండకపోవచ్చు. కౌంటర్ ఇవతల ఎంతమందిని రేపు రమ్మన్నానో నాకు తెలుసు. వారం ముందే చెప్పండి. తీసుకున్నాక ఇంటికొచ్చి ఒక్కొక్క నోటూ తిప్పి చూడండి. చిరిగినవి, టేపు అంటించినవి, పెన్నుతో అంకెలు గీకినవి పక్కన పెట్టేయండి. మన ఊళ్లో కూరగాయలామె తీసుకున్నా, అక్కడ వేరే దేశపు నోటుని అంత ఉదారంగా ఎవరూ తీసుకోరు.

5. డాలర్లు వద్దు.

విదేశం అనగానే డాలర్లు కొనాలనుకుంటారు. నేపాల్, భూటాన్ ప్రయాణాలకి విదేశీ మారకం ఇవ్వకూడదని మన విదేశీ మారక నిబంధనల్లోనే ఉంది. అందుకే బ్యాంకులు అమ్మే ఫారెక్స్ కార్డుల మీద చిన్న అక్షరాల్లో ఇండియా, నేపాల్, భూటాన్‌లలో చెల్లదని రాసి ఉంటుంది. ఆ చిన్న అక్షరాలు చదవకుండా కార్డు పట్టుకుని వచ్చినవాళ్లని చూశాను.

6. కార్డు, యూపీఐ ఉంటే మంచిదే, వాటినే నమ్ముకోవద్దు.

2020 నుంచి మన కార్డులు దేశంలో వాడకానికి మాత్రమే తెరిచి ఉంటాయి. విదేశంలో గీకాలంటే బ్యాంకు యాప్‌లో మీరే ఆ మీట నొక్కాలి. అక్కడ ఏటీఎంలో తీస్తే అక్కడి బ్యాంకు ఛార్జీ ఒకటి, మన బ్యాంకు ఛార్జీ ఒకటి. రోజూ రెండేసి వేలు తీసేకంటే ఒకేసారి తీసుకోవడం నయం. మిషన్ "మీ దేశపు కరెన్సీలో కోత పెట్టమంటారా" అని అడిగితే వద్దనండి, నేపాలీలోనే కానివ్వండి.

2024 మార్చి నుంచి మన యూపీఐ అక్కడి ఫోన్‌పే క్యూఆర్ మీద పనిచేస్తోంది. ఇక్కడ జాగ్రత్త: నేపాల్ ఫోన్‌పే వేరు, మన ఫోన్‌పే వేరు, పేర్లు ఒకేలా పలుకుతాయంతే. మీ యాప్‌లో అంతర్జాతీయ యూపీఐ తెరిచి ఉండాలి, ఫోన్‌లో డేటా ఉండాలి, ఓటీపీ కోసం మన సిమ్ తీసి పారేయకూడదు. డబ్బు పంపే ముందు తెర మీద మన రూపాయల్లో ఎంత చూపిస్తోందో చూసి, రెండో పాఠంలోని లెక్కతో పోల్చుకోండి. కాస్త తేడా ఉంటుంది, మరీ ఉంటే ఆగండి. గుర్రంవాడికి, గుళ్లో పూజారికి, జీపు డ్రైవరుకి నోటే కావాలి.

7. పన్ను కలిసిందో లేదో అడగండి.

నేపాల్‌లో వ్యాట్ 13 శాతం. గది 2000 అన్నది పన్ను లేకుండా అయితే బిల్లు 2260 అవుతుంది. కొన్నిచోట్ల సర్వీసు ఛార్జీ కూడా తగిలిస్తారు. మెనూ కార్డు అడుగున చూడండి.

8. టికెట్ కిటికీ దగ్గర మీరు ఎవరో చెప్పండి.

చాలాచోట్ల మూడు ధరలుంటాయి: నేపాలీలకి ఒకటి, మనలాంటి సార్క్ దేశాలవాళ్లకి ఒకటి, మిగతా విదేశీయులకి ఒకటి. ముక్తినాథ్ దారిలో అన్నపూర్ణ ప్రాంతపు పర్మిట్ మేం వెళ్లినప్పుడు సార్క్ వాళ్లకి నేపాలీ వెయ్యి, ఇతరులకి మూడు వేలు. పాస్‌పోర్టో, ఓటరు కార్డో చూపిస్తే వెయ్యి. లాడ్జిలో పెట్టెలో దాచి వస్తే వాదన. పశుపతినాథ్‌లో మనకి టికెట్ లేదు.

9. "గాలి డబ్బు" విడిగా కట్టి పెట్టండి.

బడ్జెట్ అనగానే అందరూ రైలు, హోటల్, భోజనం రాస్తారు. నేను రాసే మొదటి పద్దు గాలి డబ్బు. పేరు నేనే పెట్టాను.

ముక్తినాథ్ వైష్ణవుల 108 దివ్యదేశాల్లో ఒకటి. దాదాపు 3,700 మీటర్ల ఎత్తున ఉంది. గుడి వెనక 108 ధారల కింద స్నానం చేస్తారు. పోఖరా నుంచి జోమ్‌సోమ్‌కి చిన్న విమానంలో వెళ్లి, అక్కణ్నుంచి జీపులో రాణీపౌవా చేరి, మిగతాది నడవాలి, లేదా గుర్రం ఎక్కాలి. కాళీ గండకి లోయలో మధ్యాహ్నమయ్యేసరికి గాలి విరుచుకుపడుతుంది. అందుకే విమానాలన్నీ పొద్దున్నే. మబ్బు పట్టినా, గాలి ముందే లేచినా ఆ రోజుకి అంతే. అప్పుడు మీకు మూడు దారులు: పోఖరాలో ఇంకో రాత్రి, లేదా రోజంతా జీపులో ఎగిరెగిరి పడుతూ ప్రయాణం, లేదా దర్శనం మానుకోవడం. తిరిగొచ్చేటప్పుడు జోమ్‌సోమ్‌లో చిక్కుకుంటే మూడో దారి కూడా ఉండదు.

కాబట్టి మనిషికి రెండు రాత్రుల గది, భోజనం, జీపు కిరాయి లెక్కేసి ఒక కవరులో పెట్టి అంటించేస్తాను. దాన్ని శాలువాలకీ, సాలగ్రామాలకీ ముట్టుకోకూడదు. గాలి అనుకూలించి డబ్బు మిగిలితే పోఖరా దిగొచ్చాక ఏమన్నా కొనుక్కోండి, నేనేమీ అనను. గోరఖ్‌పూర్ నుంచి తిరుగు రైలు టికెట్ కూడా ఒకరోజు ఆలస్యంగా పెట్టుకోండి. రైలు తప్పిపోతే ఆ కవరు చాలదు.

10. శనివారం బ్యాంకు పని పెట్టుకోవద్దు.

అక్కడ వారాంతపు సెలవు శనివారం. మన అలవాటుకొద్దీ ఆదివారం గురించి ఆలోచిస్తాం, శనివారం తాళం చూసి వెనక్కొస్తాం. దసైన్ రోజుల్లో, అంటే మన దసరాకి, ఇంకా ఎక్కువ సెలవులు. కాఠ్మాండూ థమేల్‌లో డబ్బు మార్చే కొట్లు తెరిచే ఉంటాయనుకోండి. గడియారం కూడా 15 నిమిషాలు ముందుకి తిప్పుకోండి. బడ్జెట్‌కి దీనితో ఏం సంబంధం అంటారేమో, పొద్దుటి విమానం వెళ్లిపోతే తెలుస్తుంది.

11. ఉమ్మడి సంచి ఒకరి చేతిలోనే ఉండాలి, లెక్క ఒకే డబ్బులో రాయాలి.

గుంపుగా వెళ్తే టీలకి, టాక్సీలకి, తాగునీళ్లకి ఎవరికి వారు ఇచ్చుకుంటూ పోతే రాత్రికి అన్నదమ్ముల మధ్యే అలకలు. అందరి దగ్గరా సమానంగా తీసుకుని ఒక సంచిలో వేస్తాను. సంచిలో రెండు అరలు, ఒకదాంట్లో ఐసీ, ఒకదాంట్లో ఎన్‌సీ. పుస్తకంలో మాత్రం అన్నీ ఎన్‌సీలోనే. మన వంద ఇచ్చి టీ తాగినా నేపాలీ 160 ఇచ్చినట్టు రాసి, తిరిగొచ్చిన చిల్లర కిందే రాస్తాను. పగలంతా రెండు డబ్బుల్లో కలగాపులగంగా రాసి రాత్రి కూర్చుంటే ఏ లెక్కా తేలదు. పడుకునే ముందు మొత్తాన్ని ఒక్కసారి మన రూపాయల్లోకి మార్చి, మిగిలింది అందరికీ చదివి వినిపించాలి. వినడానికి ఎవరికీ ఓపిక ఉండదు. అయినా చదవాలి. మా మరిది కళ్లు మూసుకునే వింటాడు గానీ, తేడా వస్తే పట్టేది ఆయనే.

దక్షిణలు, రుద్రాక్షలు, పూసల దండలు సంచిలోంచి కాదు. అవి ఎవరివి వారివే.

12. ఆఖరి రోజు నేపాలీ నోట్లు ముందు ఖర్చు పెట్టండి.

మన వంద నోటు ఇంటికొచ్చాక కూడా వందే. వాళ్ల ఏనుగుల వెయ్యి నోటు, పులి బొమ్మ అయిదొందల నోటు హైదరాబాద్‌లో మార్చుకుందామంటే తీసుకునే కొట్టు దొరకడం కష్టం. కాబట్టి బయలుదేరే ముందు రాత్రి హోటల్ బిల్లు నేపాలీలో కట్టేసి, పొద్దుటి టిఫినుకీ, సరిహద్దు దాకా బండికీ సరిపడా మాత్రం ఉంచుకోండి. సునౌలీ సరిహద్దు మీదుగా వచ్చేవాళ్లు నేపాల్ వైపే, బేల్హియాలోనే, మిగిలింది మార్చేసుకోవాలి. రెండు మూడు కొట్లలో అడగండి. 160కి మన వంద ఇస్తే సరే, 165 అడిగితే పక్క కొట్టుకి పోండి. అక్కడ మీ చేతికిచ్చే మన నోట్లు కూడా వాళ్ల ముందే తిప్పి చూసుకోండి. చిరిగిన వందలన్నీ చేరేది ఆ గల్లాపెట్టెల్లోకే.