పొక్లెయిన్ చెప్పిన నంబరు

మట్టి తవ్వే పెద్ద మిషన్‌ను మనం పొక్లెయిన్ అంటాం. కొందరు ప్రొక్లెయిన్ అంటారు. కొందరు హిటాచీ అంటారు. ఇవన్నీ కంపెనీల పేర్లే. పొక్లెయిన్ ఫ్రాన్సు కంపెనీ. హిటాచీ జపాను కంపెనీ. ఆ పేర్లే మిషన్‌కు అతుక్కుపోయాయి.

మహబూబ్‌నగర్ జిల్లాలో ఒక ఊరు. ఆ ఊళ్ళో ఒక అత్త, ఒక కోడలు. అత్త వయసులో ఉన్నప్పుడు తట్ట మోసింది. పాలమూరు కూలీలంటే ఎక్కడెక్కడో తెలుసు. కాలువలు, డ్యాములు, రోడ్లు, అన్నిటికీ వాళ్ళే మట్టి తవ్వారు. తరవాత మిషన్లు వచ్చాయి. తట్ట పని తగ్గిపోయింది. ఆ ఇంటివాళ్ళు అప్పు చేసి ఒక పాత పొక్లెయిన్ కొన్నారు. కొడుకు నడుపుతాడు. కోడలు రాత్రి బడిలో చదువు నేర్చుకుంది. డీజిలు లెక్క, గంటల లెక్క, కిస్తీ లెక్క ఆమే రాస్తుంది.

ఒకరోజు చెరువులో పూడిక తీస్తున్నారు. మిషన్ కీ కీ అని అరిచింది. ఎర్రదీపం వెలిగింది. ఇంజను జోరు తగ్గిపోయింది. ఒక మెకానిక్ వచ్చి కొత్త సెన్సారు వేశాడు. రెండు రోజులు బాగా నడిచింది. మూడో రోజు మళ్ళీ అదే అరుపు.

"సెన్సార్లన్నీ మార్చాలె. లోపలి వైర్లు కూడా మార్చాలె. 40,000 అయితది" అన్నాడు మెకానిక్.

"దాని నోరు మూయించుర్రి ముందు" అంది అత్త. ఆమెకు ఆ అరుపు వింటేనే గుండె దడ. కిస్తీ కట్టే తేదీ ఇంకా వారమే ఉంది.

కోడలు మిషన్ ఎక్కి సీటు ముందున్న తెర చూసింది. ఇంగ్లీషు అక్షరాలు ఆమెకు రావు. అంకెలు వచ్చు. ఒక చోట 110 అని ఉంది. పక్కన 3 అని ఉంది. రెండూ నోటుబుక్కులో రాసుకుంది. తేదీ రాసింది. పొద్దున ఇంజను చల్లగా ఉన్నప్పుడు వచ్చిందా, వేడెక్కినాక వచ్చిందా అని మొగుణ్ణి అడిగి అదీ రాసింది.

"పొద్దున తాళం తిప్పంగనే వచ్చింది" అన్నాడు అతను.

ఈ ముక్క చాలా అవసరం. ఎందుకో ముందు ముందు తెలుస్తుంది.

సెన్సారు అంటే కనిపెట్టేది. బిడ్డ నుదుటి మీద చెయ్యి పెడితే జ్వరం తెలుస్తుంది కదా. ఇంజనుకు సెన్సారు అలాంటి చెయ్యి. ఒకటి నీళ్ళ వేడి చూస్తుంది. ఒకటి ఆయిలు ఒత్తిడి చూస్తుంది. ఒకటి డీజిలు ఒత్తిడి చూస్తుంది. చూసిన సంగతిని తీగ మీద కరెంటు రూపంలో పంపుతుంది. ఆ తీగ ఒక చిన్న కంప్యూటరు పెట్టెకు పోతుంది. కబురు తేడాగా ఉంటే పెట్టె తెర మీద నంబరు వేస్తుంది. బాగా పాత మిషన్లలో ఈ పెట్టె ఉండదు. మన దేశంలో 2021 ఏప్రిల్ నుంచి చక్రాల మీద నడిచే కొత్త మిషన్లకు పొగ నియమాలు గట్టిగా వచ్చాయి. అప్పటినుంచి వాటిలో సెన్సార్లు ఇంకా పెరిగాయి.

నంబరులో రెండు ముక్కలు ఉంటాయి. మొదటి ముక్కను ఎస్.పి.ఎన్. అంటారు. ఎక్కడ తేడా వచ్చిందో అది చెబుతుంది. 110 అంటే ఇంజను నీళ్ళ వేడి. 100 అంటే ఇంజను ఆయిలు ఒత్తిడి. 97 అంటే డీజిలులో నీళ్ళు కలిశాయా అని చూసేది.

రెండో ముక్కను ఎఫ్.ఎం.ఐ. అంటారు. ఏ రకం తేడానో అది చెబుతుంది. చాలామంది మెకానిక్కులు మొదటి ముక్క చూసి సెన్సారు మార్చేస్తారు. రెండో ముక్క చదవరు. డబ్బు అక్కడే పోతుంది.

0 ఉంటే కొలత మరీ ఎక్కువ అయింది. 1 ఉంటే మరీ తక్కువ అయింది. అంటే సెన్సారు నిజమే చెబుతూ ఉండవచ్చు. జబ్బు ఇంజనులోనే ఉండవచ్చు. 3 గానీ 4 గానీ ఉంటే వేరే సంగతి. సెన్సారు కబురు సరిగ్గా అందటం లేదు. 3 అంటే తీగలో వోల్టేజి ఉండవలసినదానికంటే ఎక్కువ. 4 అంటే తక్కువ. నీళ్ళ వేడి సెన్సారుకు తీగ తెగితే 3 వస్తుంది. తీగ ఒరుసుకుపోయి ఇనుముకు తగిలితే 4 వస్తుంది.

అన్ని కంపెనీలూ ఇలాగే వేయవు. కొమట్సు మిషన్ మీద సి.ఎ. 144 అని పడవచ్చు. దాని అర్థం కూడా 110, 3 లాంటిదే. మిషన్‌తో వచ్చిన పుస్తకంలో ఈ పట్టిక ఉండవచ్చు. పాత మిషన్ కొనేటప్పుడు ఆ పుస్తకం అడిగి తీసుకోవాలి.

కోడలు నోటుబుక్కు పట్టుకుని పక్క మండలంలో ఉన్న ఇంకో మెకానిక్ దగ్గరికి పోయింది.

"అన్నా, 110, పక్కన 3. పొద్దున చల్లగున్నప్పుడే వచ్చింది. సెన్సారు కొత్తది వేసినం. మళ్ళా వచ్చింది" అని చదివి వినిపించింది.

అతను నవ్వాడు. "సగం పని నువ్వే చేసినవ్ చెల్లె. చల్లటి ఇంజనుకు జ్వరం యాడిది? తీగ చూద్దాం పా."

మెకానిక్ బకెట్టును నేల మీద దించమన్నాడు. ఇంజను ఆపి తాళం తీయించాడు. తాళం తీయకుండా ప్లగ్గు పీకకూడదు. సెన్సారు మీది ప్లగ్గు ఊడదీశాడు. ఆ సెన్సారుకు రెండు తీగలు. ప్లగ్గులో ఉన్న రెండు కొనలనూ చిన్న తీగ ముక్కతో కలిపాడు. తాళం మళ్ళీ తిప్పించాడు.

"తెర మీద ఏముంది చెల్లె?"

"3 నే ఉన్నది అన్నా."

తీగ బాగుంటే 3 పోయి 4 రావాలి. అప్పుడు తప్పు సెన్సారుది. కానీ 4 రాలేదు. అంటే సెన్సారుకూ పెట్టెకూ మధ్య ఎక్కడో తీగ తెగింది. పాపం, కొత్త సెన్సారు డబ్బులు ఊరికే పోయాయి. (మూడు తీగల సెన్సారుకు ఇలా కలపకూడదు. పెట్టెకు దెబ్బ తగులుతుంది. ఇది తెలిసిన మెకానిక్ చేసే పని.)

మెకానిక్ తీగ వెంబడి చెయ్యి పోనిచ్చాడు. పంపు వెనకాల ఒకచోట నల్ల టేపు చుట్టి ఉంది. టేపు విప్పాడు. వెనకటి యజమాని తెగిన తీగను వట్టిగా మెలిపెట్టి వదిలేశాడు. రాగి పచ్చగా చిలుము పట్టి పొడి పొడి అయింది. ఆ ముక్క కోసేశాడు. కొత్త తీగ వేసి టంకం పెట్టాడు. పైన తొడుగు వేశాడు. తాళం తిప్పితే అరుపు లేదు.

"ఎంత ఇయ్యాలె?" అంది కోడలు.

"కూలి 600 ఇయ్యి. తీగకు ఏం వద్దు."

అత్త అప్పుడు అడిగింది. "మరి ఊకె అరిస్తే తీగనే అనుకోవాల్నా?"

"వద్దు పెద్దమ్మా! 100, పక్కన 1 అని పడ్డదనుకో, అది ఆయిలు ఒత్తిడి పడిపోయిందని. అప్పుడు వెంటనే ఇంజను ఆపాలె. ఆయిలు మట్టం చూడాలె. సెన్సారు తప్పేమో అని నడిపిస్తే ఇంజను పట్టేస్తది. 110, పక్కన 0 పడినా అంతే. వేడి మీద రేడియేటరు మూత తీయొద్దు. మరిగే నీళ్ళు మొఖం మీద పడతయి."

ఇంకో మాట కూడా చెప్పాడు. పాత మిషన్ అమ్మేవాళ్ళు నంబర్లు చెరిపేసి చూపిస్తారు. తెర శుభ్రంగా ఉంటుంది. తప్పు మాత్రం లోపలే ఉంటుంది. అందుకే కొనేముందు పొద్దున్నే పోవాలి. ఇంజను చల్లగా ఉండాలి. తాళం తిప్పగానే హెచ్చరిక దీపాలు ఒకసారి వెలిగి ఆరిపోవాలి. అసలు వెలగకపోతే ఎవరో దీపం పీకేశారేమో అనుమానించాలి. తరవాత గంటసేపు మట్టి తవ్వించాలి. అప్పుడు మళ్ళీ తెర చూడాలి. పాత నంబర్ల జాబితా ఉంటే అది కూడా చూపించమనాలి.

కోడలు ఇవన్నీ రాసుకుంది. ఆ రాత్రి అత్త ఆ నోటుబుక్కు తీసి, కొడుకును పిలిచి, "ఒకటి పక్కన రెండు సున్నలు. ఇది పడితే ఆపాలెరా" అని వేలుపెట్టి చూపించింది.

చదివి చెప్పండి

తెర మీద 110 అని ఉంది. పక్కన 4 అని ఉంది. ముందు దేన్ని చూడాలి?

తెర మీద 100 అని ఉంది. పక్కన 1 అని ఉంది. పని ఇంకా గంట మిగిలింది. ఏం చేస్తారు?

మీ ఇంట్లో మోటారుకు గానీ, మీటరుకు గానీ ఉన్న నంబరు చూసి ఇక్కడ రాయండి: ................