లాంగ్‌టాంగ్ లోయకు ఈ వయసులో వెళ్ళవచ్చా?

ప్రశ్న: నాకు 48 ఏళ్ళు. నేపాల్‌లోని లాంగ్‌టాంగ్ లోయకు ట్రెకింగ్ వెళ్ళాలని ఉంది. ఎత్తు ఒంటికి పడకపోతే ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: గుండె, మోకాళ్ళు బాగున్నాయని డాక్టరు చెబితే వయసు అడ్డం కాదు. అసలు ప్రమాదం తొందరతోనే.

కాఠ్మాండూకు ఉత్తరాన ఉన్న ఈ దారి సుమారు 1,500 మీటర్ల ఎత్తున స్యాబ్రుబేసిలో మొదలై, 3,870 మీటర్ల దగ్గర క్యాంజిన్ గోంపా చేరుతుంది. చిక్కంతా నడుమనే. లామా హోటల్ (పేరుకే హోటల్, నిజానికి చిన్న మజిలీ) నుంచి లాంగ్‌టాంగ్ ఊరికి చాలామంది ఒక్క రోజులో దాదాపు 950 మీటర్లు ఎక్కేస్తారు. 3,000 మీటర్లు దాటాక, రాత్రి పడుకునే చోటు రోజుకు 500 మీటర్లకు మించి పెరగకూడదన్నది వైద్యుల సూత్రం. అందుకే ఈ రెంటి నడుమ ఉన్న ఘోడాతబేలాలో ఒక రాత్రి ఆగడం మేలు.

తలనొప్పి, వికారం ఉంటే ఇంకా పైకి వెళ్ళకూడదు. నడకలో తూలినా, కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా వెంటనే దిగాల్సిందే. ఎత్తు పడకపోవడాన్ని నివారించే ఎసిటజోలమైడ్ మాత్ర డాక్టరు సలహాతోనే వాడాలి, ముఖ్యంగా సల్ఫా మందులు పడనివారు.

2015 ఏప్రిల్ 25 భూకంపానికి మంచు, రాళ్ళు విరుచుకుపడి పాత లాంగ్‌టాంగ్ ఊరు పూడిపోయింది. బతికిన తమాంగ్ తెగ కుటుంబాలు పక్కనే మళ్ళీ ఇళ్ళు కట్టుకుని, బాటసారులకు బస, భోజనం పెడుతున్నాయి. దారిలో ప్రార్థనలు చెక్కిన మణి గోడలను కుడి పక్కన ఉంచుకుని నడవాలి.

అక్టోబరు, నవంబరు అనువైన నెలలు. భారతీయులకు వీసా అక్కర్లేదు. పాస్‌పోర్టు గానీ ఓటరు కార్డు గానీ దగ్గర పెట్టుకోండి.