కరెంటు తీసేస్తే వికలాంగుల గతేమిటి?

ఎండాకాలంలో మా సి.బెళగల్ వైపు ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. కరెంటు పోతే మేము చెట్టు నీడకు పోతాం. మోటారు ఆగితే బిందెతో చేతిపంపుకు పోతాం. నడవలేనివారు ఎలా పోతారు? వెన్నుపాము దెబ్బతిన్న చాలామందికి దెబ్బ తగిలిన చోటు నుండి కిందికి చెమట సరిగా పట్టదు. ఫ్యాను ఆగితే ఒళ్లు వేడెక్కి ప్రాణం మీదికి వస్తుంది. చెవిటివారు సైగలతో మాట్లాడాలన్నా వెలుతురు కావాలి.

బిల్లు కట్టలేదని వెంటనే కరెంటు తీసేయకూడదు. విద్యుత్ చట్టం 2003, 56వ సెక్షన్ ప్రకారం కనీసం 15 రోజుల ముందు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. బిల్లుపై తగాదా ఉంటే, అడిగిన మొత్తం గానీ గత 6 నెలల సగటు లెక్కన గానీ, ఏది తక్కువైతే అది అభ్యంతరం తెలుపుతూ కట్టవచ్చు. అప్పుడు తగాదా తేలేవరకు కరెంటు తీయరాదు.

కానీ చూపులేనివారికి ఆ కాగితం చదివి చెప్పేదెవరు? 1995 చట్టంలో 7 రకాల వైకల్యాలే ఉండగా, 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 రకాలను గుర్తించింది. వారి అవసరానికి తగిన ఏర్పాట్లు చేయాలని కూడా చెప్పింది.

మిత్రులారా! సెలవులకు ఊరికి పోయినప్పుడు అలాంటివారి ఇంటికి వెళ్లి బిల్లు, నోటీసు చదివి వినిపిద్దాం. కరెంటు ఫిర్యాదుల నంబరు 1912 వారికి కంఠతా వచ్చేలా చెబుదాం. మన చదువు వారికి ఆ 15 రోజుల గడువును దక్కనిస్తుంది.