తోలుపై చేవ్రాలు

మన పల్లెలలో గుర్తులకు కొదువ లేదు. చాకలి నల్లజీడి గింజ రసముతో బట్ట అంచున చుక్కయో గీటో పెట్టును. ఎన్ని ఉతుకులు ఉతికినను అది పోదు. కళ్ళములో నూర్చిన ధాన్యపు రాశిపై పూర్వము కొయ్యముద్ర వేసెడివారు. పంపకము కాక మునుపే ఎవరైన రాశిని కదిపినచో ముద్ర చెదరి, దొంగతనము బయటపడెడిది. పశువుల తొడపై కాల్చు వాతయు ఇట్టిదే. ఈ గుర్తులన్నియు చెప్పు మాట ఒక్కటే: ఈ సొత్తు ఫలానావారిది.

వేరొక విధమైన గుర్తు కలదు. ఈ వస్తువును చేసినది ఫలానావాడు అని అది చెప్పును. వస్తువు ఎందరి చేతులు మారినను దానిని చేసిన చేయి మారదు గదా! ఈ రెండవ గుర్తును గూర్చి, తోలుపనిని ఉదాహరణముగా తీసికొని, ఈ పాఠమున తెలిసికొందము. తోలుపనినే ఏల ఎన్నుకొంటిమన, ఊరికంతకు పనిచేసియు తన పేరును ఎచ్చటను వ్రాసికొనని పనివాడు మన ప్రాంతమున చర్మకారుడే.

వికారాబాదు, తాండూరు పరిసరములలోని ఊళ్ళలో, తెలంగాణపు పల్లెలన్నిటివలెనే, సేద్యము తోలుపైన ఆధారపడిన కాలమొకటి యుండెను. బావినుండి నీరు తోడు మోటకు తోలుసంచి కావలెను. ఎద్దుల మెడపట్టెడలు, చెర్నాకోలలు, డప్పులు, కిర్రుచెప్పులు అన్నియు చర్మకారుని ఆరె, రంపె, గూటము అను మూడు పనిముట్ల నుండియే వచ్చెడివి. ప్రతిఫలముగా పంట చేతికివచ్చినప్పుడు కళ్ళము వద్ద మేర కొలిచెడివారు. ఆ పనివానికి ముద్రతో అవసరము లేకుండెను. చెప్పు కరచినచో తొడిగినవాడు నేరుగా అతని గుమ్మము వద్దకే పోయెడివాడు. మోట తెగినచో రైతు కేక అతని ఇంటికి వినబడెడిది. పనివాని ముఖమే అతని ముద్ర.

ఇచ్చట ఒక మాట దాచక చెప్పవలెను. ఊరందరికి చెప్పులు కుట్టినవాడు ఊరి నడివీథిలో తాను చెప్పులు తొడిగి నడవరాని ఆచారము అనేక గ్రామములలో ఉండెను. దొర ఇంటి ముందు వాటిని విప్పి చేతబట్టుకొని పోవలసివచ్చెడిది. 1950 జనవరి 26న అమలులోనికి వచ్చిన మన రాజ్యాంగము తన పదునేడవ అధికరణమున అస్పృశ్యతను రద్దుచేసినది. చట్టము గౌరవమునకు అడ్డుగోడను కూల్చగలదు. పనికి తగిన పేరు మాత్రము పనివాడు తానై సంపాదించుకొనవలసినదే. అందులకు ముద్ర ఒక సాధనము.

ముఖమే ముద్రగా ఉన్న కాలము మెల్లమెల్లగా గతించెను. వాడి నుండి తాండూరు, వికారాబాదుల మీదుగా సికిందరాబాదునకు 1874లోనే రైలుదారి పడినది. రైలుతోపాటు దూరపు సరకు వచ్చెను. కరెంటు మోటార్లు వచ్చి మోటలు మూలపడెను. యంత్రములపై చేసిన చెప్పులు అంగళ్ళను నింపెను. ఇప్పుడు చేతితో కుట్టిన సంచియో నడికట్టో ఉన్నచో అది ఊరు దాటి అంగడికి, అంగడి నుండి నగరమునకు పోవును. కొన్నవానికి చేసినవాని ముఖము తెలియదు. వస్తువు మంచిదైనచో మెప్పు అంగడివానికి దక్కును. కుట్టు విడిపోయినచో బాగుచేయించుకొనుటకు ఎవరిని వెదకవలెనో కొన్నవానికి తోచదు. ఇద్దరికిని నష్టమే.

ఈ నష్టము ఎంతవరకు పోగలదో ఇటీవలి ఉదంతమొకటి తెలుపుచున్నది. మహారాష్ట్ర, కర్ణాటకములలోని చెరి నాలుగు జిల్లాలలో తయారగు కొల్హాపురీ చెప్పులకు 2019లో భౌగోళిక గుర్తింపు లభించెను. అనగా ఆ జిల్లాలలో చేయని చెప్పులను మన దేశమున ఆ పేరుతో అమ్మరాదు. 2025 జూన్‌లో ఇటలీలోని మిలాన్ నగరమున ప్రాడా అను పెద్ద సంస్థ తన వేషధారణ ప్రదర్శనలో అచ్చముగా అట్టి చెప్పులనే చూపెను. ఎచ్చటివో చెప్పలేదు. తోలు చెప్పులు అని మాత్రమే పేర్కొనెను. మన దేశమున అలజడి రేగిన పిమ్మట, అవి భారతీయ చేతిపనివారి సంప్రదాయమునుండి స్ఫూర్తిపొందినవని ఆ సంస్థ ఒప్పుకొన్నది. పేరును కాపాడు చట్టము రూపమును కాపాడలేకపోయినది. అదియును గాక, ఆ చట్టపు హద్దు మన దేశమే.

మన తాండూరునకును ఇట్టి గుర్తింపు ఒకటి కలదు. తాండూరు కందులకు 2022 డిసెంబరులో అది లభించెను. నల్లరేగడి నేల, దాని క్రింద సున్నపురాయి పొరలు, ఈ రెండింటి వలన ఆ కందిపప్పునకు ప్రత్యేకమైన రుచి వచ్చునని ప్రసిద్ధి. అయితే ఆ గుర్తింపు ఆ నేలది, అచ్చటి రైతులందరిది. ఒక సంచిని కుట్టిన ఒక మనుష్యుని గూర్చి చెప్పవలెనన్న వాని స్వంత ముద్రయే కావలెను.

ముద్రను ఎన్నుకొనుట తేలికయని కొందరు తలంతురు. నా అభిప్రాయమున పనివాడు సంచిని కుట్టుటకన్న ఎక్కువ ఆలోచించవలసిన పని ఇది. ఇంగ్లండులో 1300లో చేసిన శాసనము వెండి వస్తువులను పరీక్షించి చిరుతపులి తల గుర్తు వేయవలెనని విధించెను. 1363లో మరియొక శాసనము ప్రతి కంసాలియు తనకంటూ ఒక గుర్తు కలిగియుండవలెనని నిర్ణయించెను. నాడు చదువు కొందరికే ఉండెను గనుక ఆ గుర్తులలో బొమ్మలు విస్తారము. ఇందొక పాఠము కలదు. చూచినంతనే గుర్తుండునది, తెలిసినవాడు తెలియనివానికి నోటితో వర్ణించి చెప్పగలిగినది మంచి గుర్తు. "గంట బొమ్మ ఉన్న సంచి తెమ్ము" అనవచ్చును. పది తీగెలు మెలికలు తిరిగిన గుర్తును ఎట్లు వర్ణింతుము?

అందమైనదని తంగేడుపువ్వును ఎన్నుకొనవచ్చునా? అది తెలంగాణ రాష్ట్రపుష్పము. అందరును దానినే కోరుదురు. అందరిదైన గుర్తు ఎవ్వరిదియు కాదు. జాతీయ చిహ్నమైన నాలుగు సింహములను అసలే వాడరాదు. 1950 నాటి చట్టము దానిని నిషేధించినది. "మంచి తోలు" వంటి మాటయు పనికిరాదు. అది వస్తువు గుణమును చెప్పునేగాని చేసినవానిని చెప్పదు. అట్టి మాటలను ఒక్కరి సొత్తుగా నమోదుచేయుటకు చట్టము సాధారణముగా అంగీకరింపదు.

పేరునే ముద్రగా వేయదలచినచో మన తెలుగు లిపి కొంత జాగ్రత్తను కోరును. మన అక్షరములు గుండ్రనివి. వాని కడుపులలోని ఖాళీ చిన్నది. అచ్చు చిన్నదైన కొలది ఆ ఖాళీ పూడిపోయి, థకారమునకును ధకారమునకును భేదము తెలియకుండ పోవును. ఒత్తులు, తలకట్లు మరింత చిక్కు. కావున రెండు మూడు అక్షరములకు మించకుండ, గీతలను లావుగా, లోతుగా చెక్కించుట మేలు. అచ్చుపై అక్షరములు అద్దములోవలె తిరగబడి ఉండవలెనని మరువరాదు. చెక్కినవానికి సొమ్ము ఇచ్చుటకు ముందు దానిని సిరాలో అద్ది కాగితముపై ఒత్తి చూచుట బుద్ధిమంతుల పని.

చెప్పులపై ముద్ర వేయువారికి మరియొక చిక్కు కలదు. అక్షరమును తొక్కుటకు తెలుగువాడు ఇష్టపడడు. పుస్తకమునకు కాలు తగిలినచో కన్నులకద్దుకొను జాతి మనది. కనుక దేవుని బొమ్మలు, శ్రీకారము చెప్పులకు తగవు. చెప్పు లోపల వేయు ముద్ర ఒక గీతయో, ఆకారమో అయినచో ఎవరికిని నొప్పి కలుగదు. వేయు తావు సైతము ఆలోచింపవలెను. మడమ ఆనుచోట వేసినచో కొలది నెలలలోనే అరిగిపోవును. పాదపు నడుమ గుంట ఉన్నచోట అడుగు అంతగా ఒత్తదు గనుక అచ్చట చాలకాలము నిలుచును.

ఇక ముద్ర వేయు విధానము. అన్ని తోళ్ళును ముద్రను పట్టవు. తంగేడు చెక్కతో, కరక్కాయతో పదును చేసిన తోలు దీనికి శ్రేష్ఠము. అది తడిసినప్పుడు మెత్తని మట్టివలె ఒత్తిడికి లొంగి, ఆరిన పిమ్మట ఆ రూపమునే నిలుపుకొనును. క్రోమియపు లవణములతో పదును చేసిన తోలు రబ్బరువలె మరల పైకి లేచును. నేడు లోకమున తయారగు తోలులో అధికభాగము ఈ రెండవ రకమే. ఇట్టి భేదములను శాస్త్రీయముగా పరిశోధించుటకే 1948లో మద్రాసున కేంద్ర చర్మ పరిశోధనాలయము వెలసినది. గుంటూరు సీమవాడైన డాక్టరు యలవర్తి నాయుడమ్మ (1922–1985) దానికి చాలకాలము అధ్యక్షుడై, తోలు శాస్త్రమును పల్లెలోని పనివానికి చేరువ చేయుటకు పాటుపడెను.

తోలును తడిగుడ్డతో అంతటను సమముగా తడిపి కొంతసేపు ఉంచవలెను. పైరంగు మరల ఆరినట్లు కనబడుచు, చెంపకు తాకించినప్పుడు చల్లగా తోచినచో అదియే అదను. అంతకు ముందే కొట్టినచో నీరు ఊరి అంచులు అలుకుకొనును. ఆలస్యమైనచో ముద్ర లోతుగా దిగదు.

అచ్చు ఇత్తడిదై ఉండవలెను. ఇనుప అచ్చును తడితోలుపై ఉంచినచో నీలినలుపు మచ్చ పడును. దానికి కారణము వింతయైనది. మన పెద్దలు కరక్కాయ కషాయములో అన్నభేది కలిపి నల్లసిరా చేసికొనెడివారు. అన్నభేదిలో ఉన్నది ఇనుమే. తోలులోని చెక్కసారము ఇనుముతో కలిసి అదే సిరాగా మారుచున్నది! తాతల సిరాబుడ్డిలో జరిగినదే సంచిపైన జరుగును. తోలును కడుగుటకు వాడు నీటి పాత్రయు ఇనుపది కాకుండుట మంచిది.

తోలు క్రింద గట్టి ఆధారము కావలెను. బల్ల ఊగినచో దెబ్బ బలము బల్లలోనే పోవును. మన ప్రాంతమున దీనికి వెదకులాట లేదు. ఇంటింట పరచుకొను తాండూరు నాపరాయి పలకను నేలపై కదలకుండ ఆనించినచో చాలును. అచ్చును నిలువుగా పట్టి, కొయ్యగూటముతో ఒక్క దెబ్బ కొట్టవలెను. రెండవ దెబ్బకు అచ్చు వెంట్రుకవాసి కదలినను అక్షరము జంటయగును. పెద్ద అచ్చులకు గూటము చాలదు. లెక్కలు చదువుకొన్న మీరు దీనిని ఊహింపగలరు. అచ్చు కొలత రెట్టింపైనచో దాని వైశాల్యము నాలుగింతలగును. దెబ్బయు ఇంచుమించు నాలుగింతలు కావలెను. అట్టిచోట మరను త్రిప్పి ఒత్తు యంత్రము వాడుదురు.

తోలును కోసిన పిదప, రంగు వేయక మునుపు, కుట్టక మునుపు ముద్ర వేయవలెను. నూనె పట్టించిన తరువాత నీరు లోనికి ఇంకదు. కుట్టిన తరువాత రాయిపై చదునుగా నిలువదు. పొట్టభాగపు తోలు వదులైనది. దానిపై ముద్ర సాగిపోవును. వెన్నుభాగము బిగువైనది. మడతపడు చోటను, కుట్టు వచ్చు చోటను విడువవలెను. ముందుగా అదే తోలు ముక్కపై ఒకసారి వేసి చూచుట ఎంత అనుభవశాలికైనను తప్పదు.

ముద్రకు చట్టపు అండ కావలెనన్నచో 1999 నాటి వ్యాపారచిహ్నముల చట్టము ఉన్నది. తోలుసంచులు పదునెనిమిదవ తరగతిలోను, చెప్పులు ఇరువదియైదవ తరగతిలోను నమోదగును. నమోదు పది సంవత్సరములు చెల్లును, మరల పొడిగించుకొనవచ్చును. వలయములో 'ఆర్' అను ఆంగ్లాక్షరమును నమోదైన పిదపనే వాడవలెను. అంతకు ముందు వాడుట నేరము. నమోదు లేనివాడును తన పేరుతో పరులు సరకు అమ్మినప్పుడు న్యాయస్థానమునకు పోవచ్చును గాని, ఆ ముద్ర తనదేయని ప్రజలెరుగుదురని నిరూపించు భారము అతనిపై పడును. అందువలన మొదటి సంచి అమ్మిన తేదీ, దాని రసీదు, దాని ఛాయాచిత్రము భద్రపరచుకొనుట అవసరము.

కొందరు పనివారు ముద్ర ప్రక్కన సంవత్సరమును తెలుపు చిన్న అంకె కూడ వేయుదురు. అది మంచి పద్ధతి. అయిదేండ్ల తరువాత సంచి బాగుచేయుటకు తిరిగివచ్చినప్పుడు ఆ అంకెను చూచి, అది ఏ తోలు, ఏ దారము అని తన చిట్టాలో వెదకికొనవచ్చును. ఒకే యేటి సంచులన్నియు ఒకేచోట తెగుచున్నవని తెలిసినచో ఆ దారమును మార్చివేయవచ్చును. పరుని ముద్ర ఉన్న సంచి బాగుచేయుటకు వచ్చినప్పుడు మాత్రము, దానికి ఎన్ని కుట్లు వేసినను, తన అచ్చును సంచిలోనే ఉంచుకొని గూటమును ప్రక్కన పెట్టవలెను.