స్వాహిలీ పలకరింపులు: చనువు ఎవరితో, ఎంతవరకు?



ఉద్యోగము, వ్యాపారము నిమిత్తము తూర్పు ఆఫ్రికాకు వెళ్లే తెలుగువారు ఉన్నారు. నైరోబీలోగాని దారెస్సలాములోగాని ఆఫీసు పని ఇంగ్లీషుతో జరిగిపోవచ్చును. కాని బజారులో, బస్సులో, పొరుగింటి గడప దగ్గర కావలసినది స్వాహిలీ. టాంజానియాకు అది జాతీయ భాష. కెన్యాలో 2010 నాటి రాజ్యాంగము దానిని ఇంగ్లీషుతోపాటు అధికార భాషగా నిలిపినది. 2021లో యునెస్కో జులై 7వ తేదీని ప్రపంచ స్వాహిలీ దినముగా నిర్ణయించినది.

మనము తరతరాలుగా పొరుగు భాషల నడుమ బ్రతుకుతున్నవారము. కన్నడములోగాని, తమిళములోగాని, ఒడియాలోగాని, మరాఠీలోగాని ఒక్క పలకరింపు సరిగా పలికితే ఎదుటివారి ముఖము ఎట్లు వికసించునో మనకు వేరే చెప్పనక్కరలేదు. ఈ పాఠములో రెండు సంగతులు నేర్చుకొందాము: స్వాహిలీలో చనువుగా పలకరించుట ఎట్లు? ఆ చనువు ఎవరి దగ్గర చెల్లదు?

ఉచ్చారణ

స్వాహిలీ మాటలు మన మాటలవలెనే అచ్చుతో ముగుస్తాయి గనుక తెలుగు నాలుకకు కష్టము లేదు. చివరనుండి రెండవ అక్షరమును కొంచెము ఒత్తి పలకాలి. వారు రోమను లిపిలో వ్రాస్తారు. ఇక్కడ చెవికి వినబడినట్లు వ్రాశాము.

1. ఈడువారితో

స్నేహితులు కలిసినప్పుడు "మాంబో?" అంటారు. "జాంబో" అంటే సంగతి. "మాంబో" దాని బహువచనము. మనము "ఏమిటి సంగతులు?" అనుటకు ఇది సరిగా సరిపోతుంది. జవాబు "పోఆ", అనగా చల్లగా ఉన్నాము అని. "సాఫి" అన్నా సరే. శుభ్రము అని దాని అర్థము. మన "సాఫీగా" అనే మాటకు, దానికి మూలము ఒకటే, అరబ్బీ. "విపి?" (ఎట్లు?) అని అడిగినా ఇవే జవాబులు. కెన్యాలో "సాస?" అని కూడ పలకరిస్తారు. దాని అర్థము "ఇప్పుడు". దానికీ "పోఆ" అంటే చాలును.

ఒట్టి "జాంబో" మాట విదేశీ యాత్రికుల కోసము వాడుకలోనికి వచ్చినది. కెన్యాలోని థెమ్ మష్రూమ్స్ బృందము 1982లో పాడిన "జాంబో బ్వానా" పాట దానిని లోకమంతట వ్యాపింపజేసినది. అక్కడ కాపురముండువారు నిండు రూపమునే నేర్చుకొనవలెను. "హుజాంబో?" అంటే నీకు ఏ చిక్కు సంగతీ లేదు కదా అని. "సిజాంబో" అంటే నాకు ఏమీ లేదు అని. పలువురిని పలకరించునప్పుడు "హంజాంబో?" అనాలి, వారు "హతుజాంబో" అంటారు.

2. అందరితో

"హబారి?" అంటే ఏమి కబురు? మన "కబురు", వారి "హబారి" రెండును అరబ్బీ "ఖబర్" నుండి వచ్చినవే. తెలిసినదానినుండి తెలియనిదానికి వెళ్లాలని మాకు ఉపాధ్యాయ శిక్షణలో నేర్పిన సూత్రము ఇక్కడ బాగుగా పనికివస్తుంది. "హబారి జా అసుబూహి?" ఉదయపు కబురేమి? "హబారి జా కాజి?" పని కబురేమి? "హబారి జా న్యుంబాని?" ఇంటి కబురేమి? జవాబు "న్జూరి" (బాగున్నది) లేక "సలామా" (క్షేమము).

ఇక్కడ ఒక మర్యాదను గుర్తుంచుకొనవలెను. కష్టములో ఉన్నవారు కూడ మొదట "న్జూరి" అనియే అంటారు. ఆ వెనుక "లకీని" అని కష్టము చెబుతారు. హిందీ "లేకిన్" ఎరిగినవారికి ఈ మాట కొత్త కాదు. గనుక "న్జూరి" వినగానే మన పని మొదలుపెట్టకూడదు. ఒక క్షణము ఆగాలి. అసలు కబురు ఆ "లకీని" తరువాతనే ఉండవచ్చును.

3. పెద్దలతో

పెద్దవారిని "మాంబో?" అని పలకరించుట అమర్యాద. వారికి "షికమో" చెప్పాలి. పాదములు పట్టుకొనుచున్నాను అని దానికి సాధారణముగా అర్థము చెబుతారు. పెద్దలు "మరహాబ" అని అందుకొంటారు. టాంజానియాలోను, కెన్యా సముద్రతీరములోను ఇది గట్టి ఆచారము. నైరోబీలో వాడుక తక్కువ. అక్కడ పెద్దలకు "హబారి" చాలును.

పిలుపులోను మనవలెనే వరుసలు కలుపుకొంటారు. పెద్ద స్త్రీని "మామా" (అమ్మ), పురుషుని "బాబా" (నాన్న), వృద్ధుని "మ్జే" అంటారు. మహారాష్ట్రలోనివారు కొంచెము జాగ్రత్త పడాలి: స్వాహిలీలో "కాకా" అంటే అన్న, "దాదా" అంటే అక్క!

4. మరికొన్ని

గుమ్మము దగ్గర "హోడి!" అని కేకవేసి, లోపలనుండి "కరీబు" (రండి) అన్న తరువాతనే అడుగుపెట్టాలి. కష్టము విన్నప్పుడు, అలసినవారిని చూచినప్పుడు "పోలే" అంటారు. అది ఓదార్పు మాట. వెళ్లునప్పుడు "క్వహేరి", స్నేహితులైతే "బదాయే" (తరువాత కలుద్దాము). సంఘములలో "బ్వానా యేసు అసిఫీవే" (ప్రభువైన యేసు స్తుతింపబడును గాక) అంటే "అమీనా" అని బదులిస్తారు.

5. సంభాషణ

దారెస్సలాములో ఒక యువకుడు కూరగాయలమ్మే పెద్దామె దగ్గరకు వెళ్లాడనుకొందాము.

యువకుడు: షికమో, మామా.
ఆమె: మరహాబ. హబారి జా అసుబూహి?
యువకుడు: న్జూరి. హబారి జా న్యుంబాని?
ఆమె: న్జూరి, లకీని మ్టోటో అనఉమ్వ. (బిడ్డకు జబ్బుగా ఉన్నది.)
యువకుడు: పోలే సాన, మామా. (అయ్యో పాపము, అమ్మా.)
ఆమె: అసాంటే. (సంతోషము, కృతజ్ఞతలు.)

ఇక ధర అడగవచ్చును: "బే గాని?" రాగానే ఈ రెండు మాటలే అడిగి ఉంటే కూరగాయలు దొరికేవి. కాని ఆ ఇంట బిడ్డ మంచమెక్కిన సంగతి అతనికి తెలిసేది కాదు. రేపు అతనికి జ్వరము వస్తే అడుగువారెవరు? దూరదేశములో ఒంటరిగా ఉన్నవానికి పొరుగువారే బంధువులు. ఆ బంధుత్వము ఇట్టి రెండు నిమిషముల పలకరింపులోనే మొదలవుతుంది.

అభ్యాసము

1. మీ ఈడు మిత్రుడు "మాంబో?" అన్నాడు. మీరేమందురు?
2. టాంజానియాలో మీ ఇంటి యజమాని తల్లి ఎదురైనది. ఏ మాటతో పలకరిస్తారు?
3. ఆమె "మరహాబ" అన్నది. తరువాత ఏమి అడుగుతారు? ఎందుకు ఆగుతారు?

పిల్లలచేత ఒకరు పెద్దగా, ఒకరు చిన్నగా ఈ సంభాషణ చెప్పించండి. ఆ దేశము వెళ్లబోవువారు ఇంట్లో ఉంటే, పెట్టె సర్దుకొనుటకు ముందే "షికమో", "లకీని" అనే రెండు మాటలు వారికి కంఠస్థము చేయించండి.