జిప్సం ఎంత వేయవలెను?

కారుచౌడు బాగుపడుటకు జిప్సం వేయవలెనని రైతు సోదరులెరుగుదురు. ఎంత వేయవలెననునది మాత్రము పలువురు ఉజ్జాయింపుకు వదలుచున్నారు. దీనికి లెక్క కలదు.

కారుచౌడులో సోడియం కార్బొనేటు అను సోడా ఉండును. పరమాణు భారములను కూడినచో దాని ఫార్ములా భారము వచ్చును: సోడియం 46, కర్బనము 12, ఆమ్లజని 48; మొత్తము 106. ఇట్లే జిప్సంలో కాల్షియం 40, గంధకము 32, ఆమ్లజని 64, నీరు 36; మొత్తము 172. ఇన్ని గ్రాములను ఒక మోలు అందురు. ఒక మోలు సోడాకు ఒక మోలు జిప్సం సరిపోవును. కిలోలలోను పాళ్ళు అవియే. కావున 106 కిలోల సోడాకు విరుగుడు 172 కిలోల శుద్ధమైన జిప్సం. సరుకులో జిప్సం నూటికి 80 పాళ్ళే ఉన్నచో 215 కిలోలు కావలెను.

బంకమట్టిని పట్టియున్న సోడియమునకు లెక్క వేరు: ప్రతి 46 కిలోలకు 172 కిలోల జిప్సం. ఈ సోడియము కంటికి కానరాదు. అందుచేత ముందుగా మట్టి పరీక్ష చేయించవలెను.

మరియొక సంగతి. 106 కిలోల సోడా విరిగినప్పుడు 142 కిలోల సోడియం సల్ఫేటు పుట్టును. ఇది నీట కరగును. మడిలో మంచినీరు నిలగట్టి, మురుగుకాలువ ద్వారా దీనిని వెడలగొట్టవలెను. లేనిచో ఉప్పు చేనిలోనే నిలిచి, జిప్సంపై పెట్టిన సొమ్ము వృథాయగును.