పాత సీఆర్‌ఓ కొనొచ్చా?

ప్రశ్న: ఇంటి దగ్గరే టీవీ బోర్డులు బాగుచేస్తుంటాను. సెకండ్ హ్యాండ్ సీఆర్‌ఓ (ఆసిలోస్కోప్) కొనొచ్చా?
– ఒక పాఠకుడు, గోపాల్‌పేట

జవాబు: నిక్షేపంగా కొనండి. మీ పనికి 20 మెగాహెర్ట్జ్, రెండు చానళ్లది చాలు. అమ్మేవాళ్లు విసుక్కున్నా సరే, అరగంట ఆన్‌లో ఉంచి చూడండి. ప్రోబును ముందువైపున్న ‘కాల్’ కొక్కేనికి తగిలిస్తే చదరపు అలలు కదలకుండా నిలబడాలి. గీత మసకగా ఉండి, ఫోకస్ ఎంత తిప్పినా సన్నబడకపోతే ట్యూబ్ అరిగిపోయి ఉండొచ్చు, అలాంటిది వద్దు. గీత వణికితే మాత్రం బేరమాడి తెచ్చుకోండి. చాలాసార్లు పవర్ సప్లైలో ఫిల్టర్ కెపాసిటర్లు ఎండిపోయి ఉంటాయంతే, హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీలో కొత్తవి దొరుకుతాయి.

మీరు టీవీ బోర్డులన్నారు కాబట్టి గట్టిగా చెబుతున్నాను: ప్రోబు గ్రౌండ్ క్లిప్పును ఎస్‌ఎంపీఎస్ కరెంటు వైపు ఎప్పుడూ తగిలించకండి. ఆ క్లిప్పు నేరుగా ఎర్త్‌కే కలిసి ఉంటుంది కాబట్టి షార్ట్ అవుతుంది.